పాతరా? పురా? కృష్ణా తీరాన వైనరీ కట్టడం

వైనరీ అనగానే కొండవాలులో సగం పూడ్చిన రాతికట్టడం, దాని కింద చల్లని నేలమాళిగ స్ఫురిస్తాయి. అది ఫ్రాన్సు దేశపు బర్గండీ వంటి సీమల రూపం. విజయవాడ పరిసరాలలో ద్రాక్ష ప్రధాన పంట కాదు. ఇక్కడ పులియబెట్టడానికి అనువైన పండు నూజివీడు మామిడి. అటువంటి పండ్ల వైనరీ పరిసరాలలో ఒదగాలంటే రేకులకు ఆకుపచ్చ రంగు పూస్తే చాలదు. నేల స్వభావం, నీటిమట్టం, ఎండ, గాలి కలిసి కట్టడపు రూపాన్ని నిర్ణయించాలి.

మొదట నేలమాళిగ సంగతి. మూడు, నాలుగు మీటర్ల లోతున మట్టి ఉష్ణోగ్రత ఆ ప్రాంతపు వార్షిక సగటుకు దగ్గరగా స్థిరపడుతుంది. బర్గండీలో ఆ సగటు సుమారు 11 డిగ్రీల సెల్సియస్. విజయవాడలో దాదాపు 28. తెల్ల వైన్ల తరహాలో సువాసన నిలవాలంటే 12-18 డిగ్రీలలో పులియబెట్టాలి. కనుక ఇక్కడ ఎంత లోతు తవ్వినా శీతలయంత్రం తప్పదు. పైగా నాసిక్ ద్రాక్ష జనవరి-మార్చి మధ్య కోతకు వస్తే, మామిడి ఏప్రిల్-జూన్ నెలల వడగాడ్పులలో వస్తుంది. యంత్రంపై భారం తగ్గించడమే ఇక్కడ వాస్తుశిల్పి చేయగల అసలు మేలు.

డెల్టా నల్లరేగడిలో తవ్వకం మరీ కష్టం. తడికి ఉబ్బి, ఎండకు బీటలు వారే ఈ నేల గోడలను చీలుస్తుంది. నీటిమట్టం పైనే ఉండడంవల్ల నేలమాళిగలోకి ఊట వస్తుంది. ఈ సంగతి పాత రైతులు ఎరుగనిది కాదు. మెట్టసీమలలో జొన్నలను పాతరలో దాచినవారే, డెల్టాలో ధాన్యాన్ని ఎత్తైన దిమ్మెపై వరిగడ్డి తాళ్లతో చుట్టిన పురిలో నిలువచేశారు. ఉండవల్లి గుహాలయం కొండలో కలిసిపోయినదంటే, అక్కడ తొలవడానికి కొండ ఉన్నది మరి! డెల్టాలోనే కట్టక తప్పకపోతే, ఉబ్బుడు నేలలకై రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రూపొందించిన అండర్-రీమ్డ్ పునాదులపై, పురివలె నేలకంటె ఎత్తున నిలపడమే మార్గం. అయితే వరిపొలాన్ని చదునుచేసి కట్టడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

నూజివీడు ఎర్రనేలల మెట్ట ఇందుకు మేలైన చోటు. పండు తోట చెంతనే దొరుకుతుంది. స్వల్పమైన వాలునుబట్టి పండ్లు కడిగే అరుగు పైన, గుజ్జు తీసే గది దాని దిగువన, పులియబెట్టే తొట్లు అన్నిటికంటె కింద అమర్చితే పంపుల వాడకం తగ్గుతుంది. కట్టడం పొడవు తూర్పుపడమరలుగా ఉంచి, పొట్టిదైన పడమటి గోడను నడుమ గాలి ఖాళీతో రెండు వరుసలుగా కట్టాలి. ఆవల ఉన్న ముదురు మామిడి చెట్లను కొట్టివేయరాదు. సాయంకాలపు ఎండకు వాటిని మించిన తెర లేదు. కప్పు చెట్ల తలలను దాటకుంటే దూరానికి తోటే కనిపిస్తుంది.

కంటికి ఆనకపోయినా పరిసరాలను ఎక్కువగా తాకేది కడుగునీరు. చక్కెర, ఆమ్లాలు కలిసిన ఈ నీటి బి.ఓ.డి. పట్టణ మురుగునీటికంటె అనేక రెట్లు అధికం. మామిడి కోతకాలంలో డెల్టా కాలువలు సాధారణంగా కట్టివేసి ఉంటాయి. వాటిలోకి వదిలిన నీరు పలచబడక మడుగులలో కుళ్లుతుంది. మెట్టన వదిలినా వాగుల వెంట కొల్లేరు దారి పడుతుంది. కాబట్టి స్థలం ఎంచేటప్పుడే వాలు చివర శుద్ధి కుంటలకు చోటు విడవాలి. శుద్ధిచేసి, ఆమ్లత్వం సరిచేసిన నీటిని పరీక్షించి తోటకే పారించవచ్చు. టెంకలు, తొక్కలను కంపోస్టు చేయడానికి నీడపట్టున మరికొంత స్థలం కావాలి.