కోటగోడల ఊళ్లు, కొండమీది పట్నాలు

పిల్లలారా! మన మారిషస్‌లో అన్నిటికంటె ఎత్తైన కొండ పితాన్ ద లా పెతీత్ రివియేర్ న్వార్. దాని ఎత్తు 828 మీటర్లు. స్పెయిన్ దేశంలో అవిలా అనే పట్నం ఉన్నది. అది సముద్రమట్టానికి సుమారు 1,130 మీటర్ల ఎత్తున ఉన్నది. అంటే మన కొండ కొనమీద నిలబడినా, అవిలా వీధులు మనకు ఇంకా 300 మీటర్లు పైనే ఉంటాయన్నమాట! రండి, ఆ ఊరితో మొదలుపెట్టి మరి మూడు ఊళ్లు చూసి వద్దాం. తొందరేమీ లేదు. కొండ ఊళ్లలో తొందరపడితే ముందు ఆయాసం వస్తుంది.

దూరంనుంచి చూస్తే అవిలాలో మొదట కనిపించేది గోడే. ఊరు దాని వెనుక దాగి ఉంటుంది. ఈ గోడ చుట్టుకొలత రెండున్నర కిలోమీటర్లు, ఎత్తు సుమారు 12 మీటర్లు, మందం 3 మీటర్లు. తొమ్మిది ద్వారాలు, ఎనభైకి పైగా బురుజులు ఉన్నాయి. సుమారు తొమ్మిది వందల ఏళ్ల క్రిందట దీనిని కట్టడం ప్రారంభించారు. వెలుపలినుంచి చుట్టూ నిదానంగా తిరిగి రావడానికి ఒక గంట పడుతుంది.

ఇన్ని బురుజులు ఎందుకు? గోడ తిన్నగా ఉన్నదనుకోండి. శత్రువు గోడ పాదానికి వచ్చి నక్కితే పైనున్న విలుకానికి కనబడడు. చూడాలంటే వంగాలి, వంగితే బాణం తగులుతుంది. అందుకని గోడనుంచి ముందుకు పొడుచుకు వచ్చేటట్లు అర్ధవృత్తాకారంగా బురుజులు కట్టారు. బురుజులో నిలబడినవాడు పక్కనుంచి గోడ పాదమంతా చూడగలడు, బాణం వేయగలడు. ఒక్కొక్క బురుజు తన పక్క బురుజును కాపాడుతుంది. ఓరుగల్లు కోటలోనూ బురుజుల పని ఇదే.

గోడ రాళ్లను దగ్గరగా చూడండి. కొన్ని రాళ్లు అంతకు వెయ్యేళ్ల ముందు రోమనులు చెక్కిన సమాధి రాళ్లు. కొత్త రాయి కొట్టే శ్రమ ఎందుకని వాటినే తెచ్చి పేర్చారు. పెద్ద చర్చి వెనుక భాగం కూడా గోడలో కలిసి ఒక పెద్ద బురుజుగా నిలిచింది. యుద్ధాలు తగ్గిన తర్వాత కూడా గోడకు పని తప్పలేదు. సరుకుతో వచ్చే బండివారిని ద్వారం దగ్గర ఆపి సుంకం వసూలు చేసేవారు. అంటురోగాలు వచ్చినప్పుడు తలుపులు మూసేవారు. ఇప్పుడు ఆ బురుజుల మీద కొంగలు గూళ్లు కట్టుకొని ఉంటాయి. వాటినుంచి సుంకం అడిగేవారు లేరు.

తర్వాతి ఊరు సెగోవియా. ఇక్కడ గోడకంటె వింత అయినది నీటి కాలువ. అది నేలమీద పారే కాలువ కాదు, సుమారు 28 మీటర్ల ఎత్తున రాతి కమానుల మీద సాగే కాలువ. రోమనులు దాదాపు రెండువేల ఏళ్ల క్రిందట కట్టారు. సున్నం లేదు, బంకమట్టి లేదు. కమాను నడినెత్తిన ఉన్న రాయి బరువు రెండు పక్కలకూ పంచబడి, రాయి రాయిని నొక్కి పట్టుకుంటుంది. కోట ఎంత గట్టిదైనా లోపల నీరు లేకపోతే ఎన్నాళ్లు నిలుస్తుంది? ఈ మాట గుర్తు పెట్టుకోండి. రోందాలో మళ్లీ వస్తుంది.

ఇక తొలేదో. టేగస్ నది ఈ కొండను మూడు వైపులా చుట్టి పారుతుంది. కాబట్టి పెద్ద గోడలు ముఖ్యంగా నది లేని ఉత్తరపు వైపునే అవసరమయ్యాయి. వీధులు ఎంత ఇరుకంటే రెండు చేతులూ చాచితే రెండు పక్కల గోడలూ తగులుతాయి. నేను ఈ ఊళ్లో రెండుసార్లు దారి తప్పాను. పటం చేతిలో ఉన్నదని చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగా ఉన్నది.

ముస్లిములు, క్రైస్తవులు, యూదులు ఇక్కడ తరతరాలు కలిసి బ్రతికారు. 1085లో క్రైస్తవ రాజు ఆరవ అల్ఫాన్సో ఊరిని గెలుచుకున్నాడు. అరబ్బీ గ్రంథాలు మాత్రం ఊళ్లోనే ఉండిపోయాయి. వాటికోసం ఇటలీనుంచి క్రెమోనా జెరార్డ్ అనే పండితుడు వచ్చి, అరబ్బీ నేర్చుకొని, 70కి పైగా గ్రంథాలను లాటిన్ భాషలోకి మార్చాడు. మీరు లెక్కలలో వ్రాసే 1, 2, 3 అంకెలు భారతదేశంలో పుట్టి, అరబ్బుల చేతిమీదుగా స్పెయిన్ చేరాయి. 976లో ఉత్తర స్పెయిన్‌లో వ్రాసిన ఒక గ్రంథంలో తొమ్మిది అంకెలు కనిపిస్తాయి. సున్న మాత్రం లేదు!

తొలేదోలో యూదుల ప్రార్థనా మందిరాలు రెండు మిగిలాయి. ఒకదాని గోడలమీద హీబ్రూ అక్షరాలు తీగలలాగ అల్లుకొని ఉన్నాయి. అక్షరాలు ఉన్నాయి గాని చదివే జనం వెళ్లిపోయారు. 1492 మార్చి 31న రాజు, రాణి ఒక శాసనం చేశారు: మతం మార్చుకోని యూదులందరూ జూలై నెలాఖరులోగా దేశం విడిచిపోవాలి, బంగారం, వెండి, నాణేలు తీసుకుపోరాదు. శత్రువులు రాకుండా కట్టిన గోడల లోపలే పుట్టినవారు, సొంత ఇరుగుపొరుగును విడిచి ద్వారం దాటవలసి వచ్చింది.

చాలామంది టర్కీ సుల్తాను రాజ్యానికి చేరారు. బంగారం తీసుకుపోనివ్వలేదు గాని భాషను ఎవరు ఆపగలరు? ఇస్తాంబుల్, సలోనికా ఊళ్లలో వారి పిల్లలు, మనుమలు, మునిమనుమలు అయిదువందల ఏళ్లు ఇంట్లో పాత స్పానిష్ మాటలే మాట్లాడారు. ఆ భాషను లదీనో అంటారు. ఈనాడు దానిని మాట్లాడేవారు చాలా తక్కువ, వారిలో ఎక్కువమంది ముసలివారు. కోరంగి రేవునుంచి ఓడ ఎక్కి వచ్చిన మన పెద్దల సంగతి తెలిసిన మీకు ఇది విడ్డూరంగా తోచదు. స్పెయిన్ ప్రభుత్వం 2015లో చట్టం చేసి, ఆ యూదుల సంతతివారికి పౌరసత్వం ఇస్తామన్నది. అయిదువందల ఇరవై మూడేళ్ల తర్వాత!

చివరి ఊరు దక్షిణాన ఉన్న రోందా. ఊరి నడుమ కొండ నిలువునా చీలి లోయ అయినది. అడుగున గ్వదలెవీన్ నది. ముస్లిం పాలకుల కాలంలో కొండను లోపలినుంచి తొలిచి నదిదాకా మెట్లు చేశారు. క్రైస్తవ ఖైదీలు తోలుసంచులతో ఆ మెట్లమీదుగా నీరు మోసేవారు. 1485లో క్రైస్తవ సైన్యం ముట్టడించి ఈ నీటిదారిని అడ్డగించింది. కొండ, గోడ రెండూ ఉండి కూడా రోందా లొంగిపోయింది.

లోయమీద ఇప్పుడున్న వంతెన ఎత్తు 98 మీటర్లు. అంతకు ముందు తొందరగా కట్టిన వంతెన 1741లో కూలి సుమారు 50 మంది చనిపోయారు. అందుకని రెండోసారి నిదానించారు. మూడు పదుల ఏళ్లు దాటి కట్టి, 1793లో పూర్తిచేశారు. వంతెన మధ్య నిలబడి పిట్టగోడ పట్టుకొని క్రిందికి చూడండి. పక్షులు మనకు క్రిందుగా ఎగురుతూ ఉంటాయి, వాటి వీపులు కనిపిస్తాయి.