తీర్పు కాగితం ఎవరి దగ్గరుంది?

మన ఆడవాళ్లకి కాగితాలు దాచడం ఒకరు నేర్పక్కర్లేదు. రేషన్ కార్డు, గ్యాసు పుస్తకం, పిల్లల టీకాల కార్డు, ఇంటి పన్ను రసీదులు, ఎప్పుడో మూలపడ్డ మిక్సీ గ్యారంటీ కార్డుతో సహా బీరువాలో చీరల అడుగున భద్రంగా ఉంటాయి. కానీ ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగి తెచ్చుకున్న తీర్పు కాగితం ఏదమ్మా అంటే మాత్రం "లాయరు గారి దగ్గరుంది", "మా అన్నయ్య దగ్గర ఉండాలి" అన్న జవాబే ఎక్కువగా వినిపిస్తుంది. "ఆ పీడకల ఇంట్లో పెట్టుకోవడం ఎందుకని నేనే వద్దన్నాను" అనేవాళ్లూ ఉన్నారు.

వాళ్ల బాధ అర్థం చేసుకోలేనిది కాదు. అయితే విడాకులు, భరణం, పిల్లల సంరక్షణ వంటి వాటిలో కోర్టు ఏమి చెప్పిందన్నది మన నోటిమాటగా చెబితే ఏ ఆఫీసూ వినదు. కోర్టు ముద్ర ఉన్న నకలు కావాలి. దాన్నే సర్టిఫైడ్ కాపీ అంటారు. అది తీసుకోవడం మన హక్కు. కొన్నిటికైతే పైసా కట్టనక్కర్లేదు కూడా.

ఎప్పుడు అవసరం పడుతుంది?

మళ్లీ పెళ్లి చేసుకోవాలంటే కావాలి. ఆస్తి పంపకాల్లో కావాలి. భరణం డబ్బు ఆగిపోతే, దాన్ని రాబట్టుకోవడానికి మళ్లీ కోర్టుకే వెళ్లాలి కనుక అప్పుడు మరీ కావాలి. ఇందులో ఒక గడువుంది. నెలనెలా ఇవ్వాల్సిన భరణం ఆగితే, అది చెల్లించాల్సిన తేదీ నుంచి ఏడాదిలోగా వసూలుకి అర్జీ పెట్టుకోవాలి. పాత సి.ఆర్.పి.సి. 125లో ఉన్న ఈ గడువు, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం 144వ సెక్షన్‌లోనూ అలాగే ఉంది. "ఆర్డరు కాగితం దొరకలేదు, దొరికాక వేద్దాం" అనుకుంటూ కూర్చుంటే ఒక్కొక్క నెల డబ్బూ మన చేతిలోంచి జారిపోతుంటుంది.

మనలో చాలామందికి తెలియని అవసరం ఇంకొకటుంది. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియాలోనో, హబ్సిగూడ ఎన్.జి.ఆర్.ఐ.లోనో పనిచేసి రిటైరైన తండ్రి ఉన్న ఇల్లు అనుకోండి. కూతురు విడాకులు తీసుకుని పుట్టింటికి చేరింది. సంపాదన లేదు. తండ్రి పోయాడు, తర్వాత తల్లీ పోయింది. కేంద్ర ప్రభుత్వ పెన్షను నిబంధనల ప్రకారం, తల్లిదండ్రుల మీద ఆధారపడి ఉన్న అలాంటి కూతురికి ఫ్యామిలీ పెన్షను రావచ్చు. మరి విడాకుల తీర్పు తల్లీతండ్రీ పోయాక వస్తే? 2017 జూలైలో దీనికి కేంద్రం వివరణ ఇచ్చింది. వాళ్లిద్దరిలో ఒకరైనా బతికి ఉండగా కోర్టులో కేసు దాఖలై ఉంటే, తీర్పు తర్వాత వచ్చినా ఆమెని పరిశీలించవచ్చునని.

అంటే ఏమిటన్నమాట? తీర్పు ఒక్కటే చూపిస్తే చాలదు. కేసు ఏ తేదీన వేశారో చూపించాలి. ఆ తేదీ ఉండేది మొట్టమొదట వేసిన పిటిషన్ మీద. ఆ పిటిషన్ నకలు లేకపోతే, ఆ కూతురికి జీవితాంతం రావలసిన తిండి గింజలు ఒక తేదీ దగ్గర ఆగిపోతాయి.

మన కేసు ఏ కోర్టులో ఉంది?

నాచారం వాళ్లకి ఇదే పెద్ద చిక్కు. ఉప్పల్ మండలం ఒకప్పుడు రంగారెడ్డి జిల్లాలో ఉండేది. ఎక్కువ కేసులు ఎల్.బి.నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టులకి వెళ్లేవి. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడగొట్టినప్పుడు మనం మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో పడ్డాం. కోర్టులు మాత్రం అప్పుడే విడిపోలేదు. 2022 జూన్ 2న కొత్త జిల్లా కోర్టులు మొదలయ్యాకే మన జిల్లాకి వేరే వ్యవస్థ వచ్చింది. కాబట్టి 2012లో తీర్పు వచ్చిన కేసుకి ముందు ఎల్.బి.నగర్‌లో అడగాలి. ఈమధ్య వేసిన కేసుకి మల్కాజిగిరి వైపు చూడాలి. జిల్లా కోర్టులు విడిపోయేనాటికి నడుస్తున్న కేసులైతే చోటూ, నంబరూ రెండూ మారి ఉండొచ్చు. పాత నంబరూ కొత్త నంబరూ రెండూ రాసి పెట్టుకోండి.

ఇంకో సంగతి. మనం నాచారంలో ఉంటున్నంత మాత్రాన కేసు ఇక్కడే ఉండాలని లేదు. హిందూ వివాహ చట్టం ప్రకారం పెళ్లి జరిగిన చోట, దంపతులు చివరిసారి కలిసి ఉన్న చోట, ఎదుటి పక్షం ఉంటున్న చోట కూడా కేసు వేయొచ్చు. భార్య వేస్తే తను ఉంటున్న చోటే వేసుకోవచ్చని 2003లో చట్టం సవరించారు. పెళ్లి వరంగల్‌లో జరిగి, కాపురం సికింద్రాబాద్‌లో ఉండి, పుట్టిల్లు మల్లాపూర్ అయితే మూడు చోట్లా వెతకాల్సి రావచ్చు. బయల్దేరే ముందు కోర్టు నుంచి వచ్చిన ఏ పాత సమనో, వాయిదా చీటీయో దొరుకుతుందేమో ఇల్లంతా వెతకండి. దాని తలమీద కోర్టు పేరు, కేసు నంబరు ఉంటాయి.

గృహహింస చట్టం కింద వేసిన కేసులు సాధారణంగా మేజిస్ట్రేటు కోర్టులో ఉంటాయి. వాటిని ఫ్యామిలీ కోర్టులో వెతికితే దొరకవు. లోక్ అదాలత్‌లో రాజీ పడితే, ఆ అవార్డే కోర్టు డిక్రీతో సమానం. దాని నకలు అడగాలి.

నంబరు తెలియకపోతే?

ఓ.పి., ఎఫ్.సి.ఓ.పి. అంటే విడాకుల వంటి పిటిషన్లు. ఎం.సి. అంటే భరణం కేసు. డి.వి.సి. అంటే గృహహింస కేసు. ఈ అక్షరాలు, నంబరు, సంవత్సరం, మూడూ కలిస్తేనే కేసు గుర్తింపు. ఎం.సి. నంబరు చెప్పి విడాకుల డిక్రీ అడిగితే దొరకదు.

నంబరు ఏమీ తెలియకపోతే ఈ-కోర్టుల వెబ్‌సైటులో గానీ, ఫోను యాప్‌లో గానీ జిల్లా, కోర్టు ఎంచుకుని పార్టీ పేరుతో, సంవత్సరంతో వెతకవచ్చు. పేరు ఇంగ్లీషులో కొట్టాలి. లక్ష్మిని గుమాస్తా ఒక అక్షరం ఎక్కువో తక్కువో వేసి ఎక్కించి ఉండొచ్చు. పేరులో మొదటి నాలుగైదు అక్షరాలే కొట్టి చూడండి. లేదా భర్త పేరుతో చూడండి. ప్రతి కేసుకీ సి.ఎన్.ఆర్. అని పదహారు అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తు ఉంటుంది. అది దొరికితే తల్లివేరు దొరికినట్టే. మరీ పాత కేసులు అందులో ఉండకపోవచ్చు. అలాంటప్పుడు కోర్టు ఆఫీసులోనే రిజిస్టరు చూపించమని అడగాలి.

ఫోనులో కనబడిన ఆర్డరుని ప్రింటు తీసుకుంటే మనం చదువుకోవడానికి పనికొస్తుంది. ఆఫీసుల్లో ఇవ్వడానికి సర్టిఫైడ్ కాపీయే కావాలి.

ఎలా అడగాలి?

కాపీ అప్లికేషన్ ఫారంలో కోర్టు పేరు, కేసు నంబరు, ఇరుపక్షాల పేర్లు, తీర్పు తేదీ, ఏయే కాగితాలు కావాలో రాసి, కోర్టు ఫీజు స్టాంపు అంటించి ఇవ్వాలి. కేసులో ఉన్న మనిషే స్వయంగా ఇవ్వొచ్చు. "మీ లాయరుగారు రావాలి" అని బయట ఎవరైనా అంటే కంగారు పడకండి. గుర్తింపు కార్డు పట్టుకెళ్లండి. కాపీకి ఎంత కట్టాలో లెక్క వేసి చెబుతారు. అది కట్టాక నకలు తయారవుతుంది. దరఖాస్తు ఇచ్చిన రోజున సి.ఎ. నంబరు రాసుకోవడం మర్చిపోవద్దు. తర్వాత వెళ్లినప్పుడు అడిగేది ఆ నంబరే. నాచారం ఫ్యాక్టరీల్లో పనిచేసే అమ్మాయికి ఒక్కసారి కోర్టుకి వెళ్లడమంటే ఒక రోజు జీతం పోవడం. నంబరు లేక రెండోసారి, మూడోసారి తిరగడం అందుకే ఖరీదు.

"తీర్పు కాపీ" అని మాత్రమే రాయకండి. జడ్జిమెంటు వేరు, డిక్రీ వేరు. జడ్జిమెంటులో కోర్టు ఎందుకలా తేల్చిందో ఉంటుంది. డిక్రీలో చివరికి ఏమి తేలిందో ఉంటుంది. రెండూ రాయండి. పైన చెప్పిన కారణానికి పిటిషన్ నకలు కూడా రాయండి. రాజీ కుదిరిన కేసయితే రాజీ షరతుల కాగితమూ అడగండి. నగలు, డబ్బు, పిల్లల్ని చూసే రోజులు అన్నీ అందులోనే ఉంటాయి.

నకలు చేతికొచ్చాక దాని మీద తేదీల ముద్ర చూడండి. దరఖాస్తు ఎప్పుడిచ్చారు, కాపీ ఎప్పుడు సిద్ధమైంది అన్నవి అక్కడుంటాయి. అప్పీలు వేయాలంటే, కాపీ తయారవడానికి పట్టిన రోజుల్ని గడువు లెక్కలోంచి మినహాయిస్తారు. కనుక ఆ ముద్ర ఉన్న పేజీని పారేయకూడదు.

ఊరికే రావలసినవి

హిందూ వివాహ చట్టం 23వ సెక్షన్ ప్రకారం విడాకుల డిక్రీ ఇచ్చిన కోర్టు ఇరుపక్షాలకీ ఒక్కొక్క కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఇది 1976 నుంచీ ఉంది. భరణం ఆర్డరు ఎవరికి అనుకూలంగా వచ్చిందో వాళ్లకి డబ్బు తీసుకోకుండా ఇవ్వాలి. గృహహింస చట్టం కింద ఇచ్చే ఆర్డర్ల కాపీలూ అంతే. తీర్పు చెప్పిన రోజునే "మాకు రావలసిన ఫ్రీ కాపీ ఎప్పుడిస్తారండీ?" అని అడిగి రండి. అదనంగా కావలసినవాటికే ఖర్చు.

లాయరు గారికి ఫీజు బాకీ ఉందని ఫైలు ఇవ్వనంటే? అలా ఫైలు పట్టి ఉంచుకునే హక్కు న్యాయవాదికి లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. ఫీజు సంగతి వేరే తేల్చుకోవలసిందే. ఆయనతో మాట పెంచుకోవడం ఇష్టం లేకపోతే, కోర్టు నుంచి మరో నకలు మనమే తెచ్చుకోవచ్చు.

పక్కవాళ్లు తీసుకోగలరా?

"మా ఆడపడుచు వెళ్లి తీసుకుంటుందేమో, చుట్టాల్లో పంచుతుందేమో" అని కొందరి భయం. కేసులో లేనివాళ్లు నకలు కావాలంటే ఎందుకు కావాలో ప్రమాణపత్రంతో చెప్పి కోర్టు అనుమతి తీసుకోవాలి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పడేస్తే సరిపోదు. కోర్టు కాగితాలు కోర్టు నిబంధనల ప్రకారమే తీసుకోవాలని సుప్రీంకోర్టు 2020 మార్చిలో స్పష్టం చేసింది. హిందూ వివాహ చట్టం కింద నడిచే కేసుల సంగతులు అచ్చు వేయడం మీద కూడా 22వ సెక్షన్‌లో నిషేధం ఉంది. హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పులైనా కోర్టు అనుమతితోనే అచ్చు కావాలి.

ఆలస్యం వద్దు

కోర్టు రికార్డు గదులు కూడా మన అటకల్లాంటివే. అన్ని కాగితాలూ కలకాలం ఉంచరు. పాత రికార్డులు తీసేయడానికి 1917 నుంచే చట్టం ఉంది. పెళ్లి ఫోటోలు, శుభలేఖ, నగల రసీదులు వంటి అసలు కాగితాలు కోర్టులో ఇచ్చి ఉంటే, కేసు ముగిసి అప్పీలు గడువు దాటాక వెనక్కి ఇమ్మని అర్జీ పెట్టుకోవచ్చు. అవి ఆలస్యం చేసేకొద్దీ దొరకడం కష్టం.

డబ్బు లేదని, చదువు రాదని వెనకాడేవాళ్లకి ఒక మాట. న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందాలి. ప్రతి జిల్లా కోర్టులో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. 15100కి ఫోను చేసినా చెబుతారు.

ఇక చదువుకున్న మనం చేయగలిగింది ఒకటుంది. మన వీధిలో, మన ఇంట్లో పనిచేసే వాళ్లలో ఇలాంటి అమ్మాయి ఉంటే, ఫోనులో ఆమె కేసు నంబరు వెతికిపెట్టండి. ఫారం నింపిపెట్టండి. వీలైతే ఒక పూట ఎల్.బి.నగర్ దాకా తోడు వెళ్లండి. నకలు చేతికొచ్చాక జిరాక్సులు తీయించి, అసలుది ఆమె పేరు రాసిన కవరులో పెట్టి ఆమె చేతికే ఇవ్వండి.