మీకు తెలుసా? స్పీడులో పరుగు, సిగ్నల్లో బంద్!

అబూ హలీఫాలో ఉంటున్నారా? అయితే ఇది మీకే! ఫహాహీల్ ఎక్స్‌ప్రెస్‌వే మీద కారు 100 దాటినా జోరుగా పోతుంది. ఎగ్జిట్ దిగి, సిగ్నల్ చూసి కాలు తీయగానే టప్‌మని ఆగిపోతుంది! ఇంజన్ పోయిందని కంగారు పడుతున్నారా? ఆగండి! స్పీడులో బాగుండి స్లోలో ఆగే బండికి చాలాసార్లు చిన్న రోగమే ఉంటుంది!

సిగ్నల్ దగ్గర మీరు ఖాళీగా కూర్చుంటారు. ఇంజన్ మాత్రం కూర్చోదు! ఐడ్లింగ్‌లో 750 ఆర్‌పీఎం ఉన్న నాలుగు సిలిండర్ల బండి సంగతి చూడండి. దాంట్లో పెట్రోల్ నిమిషానికి 1,500 సార్లు అంటుకోవాలి! స్పీడులో ఉంటే ఒకటి రెండు తప్పినా జోరు లాక్కుపోతుంది. ఐడ్లింగ్‌లో ఆ జోరు ఎక్కడిది? నాలుగు తప్పాయంటే వణుకు, ఆపైన బంద్!

ఇది వినండి! కారు పెట్రోల్ తాగుతుందని అందరూ అంటారు. అది అసలు తాగేది గాలి! ఒక్క లీటరు పెట్రోల్ సరిగ్గా కాలాలంటే దాదాపు 9,000 లీటర్ల గాలి కావాలి! ఆ గాలంతా ఒకే ఒక ఎయిర్ ఫిల్టర్‌లోంచి పోవాలి. కువైట్‌లో దుమ్ము తుఫాను లేచిందా? మర్నాడే ఫిల్టర్ డబ్బా క్లిప్పులు ఊడదీయండి. ఫిల్టర్‌ను వెలుగుకు అడ్డం పెట్టండి. వెలుగు కనబడలేదా? మార్చేయండి!

మీ కారు తన జబ్బు తానే చెబుతుంది! స్టీరింగ్ కింద వంగి చూడండి. చిన్న సాకెట్ ఉంటుంది. 1996 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి పెట్రోల్ కారుకూ అది తప్పనిసరి! కువైట్ రోడ్ల మీద అమెరికా బళ్లు బోలెడు కదా! జపాన్, కొరియా బళ్లలోనూ అది మామూలే. స్కానర్ గుచ్చితే కోడ్ పలుకుతుంది. అది చూడకుండా స్పానర్ పట్టే మెకానిక్‌ను కాస్త ఆపండి!

ఇప్పుడు అసలు దొంగను చూపిస్తా! థ్రాటిల్ బాడీ! గాలి గొట్టంలో గుండ్రటి రేకు తలుపు. మీరు కాలు తీస్తే అది మూసుకుంటుంది. వెంట్రుకవాసి సందు మాత్రమే మిగులుతుంది. ఆ అంచుకు అడుగంటిన గిన్నెలా నల్లటి కార్బన్ పట్టిందా, ఇక గాలి రాదు! కోడ్ పీ0505 అని వచ్చిందంటే ముందు అక్కడే చూడాలి. ఇంజన్ ఆపి, మెత్తటి గుడ్డ మీద థ్రాటిల్ క్లీనర్ కొట్టి తుడిస్తే చాలు! ఎలక్ట్రానిక్ రేకునైతే వేలితో బలంగా నెట్టొద్దు సుమా!

శుభ్రం చేశాక బండి ఇంకా పిచ్చిగా ఊగుతోందా? భయపడకండి! పాత మురికికి అలవాటు పడిన కంప్యూటర్ కొత్త శుభ్రతను మళ్లీ నేర్చుకోవాలి! బ్యాటరీ వైరు తీసి పెట్టినా ఇదే తంతు. కొన్ని కార్లకు ఏసీ, లైట్లు ఆపి ఓ 10 నిమిషాలు ఐడ్లింగ్‌లో వదిలితే సరిపోతుంది. కొన్నింటికి స్కానర్‌తో నేర్పాలి. యంత్రానికీ ట్యూషన్ అంటే ఇదే మరి!

ఎయిర్ ఫ్లో సెన్సర్ లోపల ఏముందో తెలుసా? కాలే తీగ! చుట్టూ ఉన్న గాలికన్నా దాన్ని ఎక్కువ వేడిగా ఉంచుతారు. చాలా సెన్సర్లలో ఆ తేడా 100 డిగ్రీలకు అటూ ఇటూ! గాలి దాన్ని ఎంత చల్లార్చిందో చూసి కంప్యూటర్ పెట్రోల్ కొలుస్తుంది. తీగకు దుమ్ము పట్టిందా, లెక్క తప్పింది! వేలు పెట్టొద్దు, గుడ్డ పెట్టొద్దు. దానికోసమే చేసిన స్ప్రే కొట్టి ఆరనివ్వండి!

కువైట్ ఎండ రికార్డు ఎంతో ఊహించండి! 2016 జులైలో మిత్రిబాలో 53.9 డిగ్రీలు! ప్రపంచ వాతావరణ సంస్థ ఒప్పుకున్న లెక్క ఇది. బయటే అంత ఉంటే బానెట్ కింద ఎంతుంటుందో ఆలోచించండి! రబ్బరు గొట్టాలు ఎండి, బిరుసెక్కి, వంపు దగ్గర సన్నగా చీలతాయి. పైకి చూస్తే ఏమీ కనబడదు!

ఆ చీలికలోంచి దొంగగాలి దూరుతుంది! సెన్సర్ కొలవని గాలి అది. స్పీడులో వచ్చే గాలివానలో అది లెక్కలోకే రాదు. ఐడ్లింగ్‌లో మాత్రం అదే కొంప ముంచుతుంది! కోడ్ పీ0171 వస్తే చెవి పెట్టండి. 'స్‌స్‌స్' అని వినబడుతుందా? గొట్టం మీద సబ్బునీళ్లు చిలకరించండి. వైర్ల మీద పడనీయకండి. ఇంజన్ శబ్దం మారిందా? దొంగ దొరికాడు!

వేడెక్కితే ఆగి, చల్లారితే స్టార్టయ్యే బండి చూశారా? దెయ్యం కాదు! క్రాంక్ సెన్సర్! చాలా ఇంజన్లలో పళ్ల చక్రం ఒకటి తిరుగుతుంది. మామూలుగా దానికి 58 పళ్లు! రెండు పళ్లు కావాలనే వదిలేస్తారు. ఆ ఖాళీ చూసే కంప్యూటర్ పిస్టన్ ఎక్కడుందో పసిగడుతుంది. సెన్సర్ వేడికి మూగబోయిందా, ఇక స్పార్కు లేదు, పెట్రోల్ లేదు!

పెట్రోల్ పంపును చల్లార్చేది ఏమిటి? పెట్రోలే! పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది. ముల్లు ఎప్పుడూ అడుగునే ఉంటే పంపు వేడెక్కి అలిసిపోతుంది. మనవాళ్లు చేసే తప్పుడు పొదుపు ఇక్కడే! కువైట్‌లో 91 ఆక్టేన్ ప్రీమియం ధర 2016లో లీటరు 85 ఫిల్స్‌కి చేరినా ఇంకా చవకే! ఎండాకాలంలో పావు ట్యాంకు కన్నా తగ్గనీయకండి!

ఏసీ వేస్తేనే ఆగుతోందా? తమాషా చూడండి! న్యూట్రల్‌లో పెట్టి ఏసీ బటన్ నొక్కండి. మీటరు ముల్లు ఓ 100 ఆర్‌పీఎం దాకా పైకి లేవాలి! కంప్రెసర్ బరువు మోయడానికి కంప్యూటర్ ఇచ్చే ఊతం అది. ముల్లు లేవకుండా కుంగి వణికిందా? మళ్లీ థ్రాటిల్ దగ్గరికే వెళ్లండి. అదీ శుభ్రంగా ఉంటే కంప్రెసర్ బిగిసిందేమో చూపించండి!

ఇంజన్ ఆగిపోతుంది, తప్పు మాత్రం ఇంజన్‌ది కాదు! ఇదీ జరుగుతుంది! ఆటోమేటిక్ బళ్లలో టార్క్ కన్వర్టర్ క్లచ్ స్లోలో విడిపోవాలి. పట్టు వదలలేదంటే ఆగబోయే చక్రాలు ఇంజన్‌నూ ఆపేస్తాయి! కోడ్ పీ0742 చెప్పేది అదే. ఖాళీ స్థలంలో మెల్లగా వెళ్తూ, ఆగేముందు న్యూట్రల్ వేసి చూడండి. బండి బతికే ఉందా? గేర్‌బాక్స్ మెకానిక్‌ను పట్టుకోండి!

చాలా ప్లగ్గుల కొనలో ఉండే లోహం సంగతి విన్నారా? ఇరీడియం! అది కరగాలంటే 2,400 డిగ్రీలు దాటాలి! అయినా అరుగుతుంది. అరిగేకొద్దీ కొనల మధ్య సందు పెరుగుతుంది, స్పార్కు దూకలేకపోతుంది. ప్లగ్గు ఊడదీసి రంగు చూడండి. లేత గోధుమ రంగయితే క్షేమం. నల్లగా మసి పట్టిందా? పెట్రోల్ ఎక్కువ పోతోందన్నమాట!

రోడ్డు మధ్యలో ఆగిపోయిందా? బ్రేకు పోలేదు! ఇంజన్ ఆగినా బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు తొక్కులకు సరిపోతుంది! కాబట్టి పదేపదే తొక్కి వదలొద్దు. ఒక్కసారే గట్టిగా తొక్కండి. స్టీరింగ్ బరువెక్కుతుంది, రెండు చేతులా తిప్పండి. హజార్డ్ లైట్లు వేయండి. ప్రమాదం అనిపిస్తే 112!

1912కి ముందు ఇలా ఆగితే ఏం చేసేవారో తెలుసా? కిందికి దిగి, ముందుకెళ్లి, ఇనుప హ్యాండిల్ తిప్పేవారు! అది ఎదురు తన్నితే చెయ్యి విరిగేది! ఆ ఏడు క్యాడిలాక్ కార్లకు ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చింది. మనకు సీట్లోంచే తాళం, లేదా ఒక్క బటన్!

చివరి రహస్యం! రాజంపేట నుంచో, రాజోలు నుంచో వచ్చి కఫీల్ (స్పాన్సర్) బండి నడిపే తమ్ముళ్లూ, ఇది మీకు డబ్బు మిగుల్చుతుంది! గరాజ్‌కు వెళ్లగానే 3 సంగతులు చెప్పండి. చల్లగా ఉన్నప్పుడు ఆగుతోందా, వేడెక్కాకనా? ఏసీ వేస్తేనేనా, వేయకపోయినా ఆగుతోందా? గేర్లోనా, న్యూట్రల్లోనా? సగం అనుమానితులు అక్కడే రాలిపోతారు! తర్వాత వరసగా కోడ్, ఫిల్టర్, థ్రాటిల్, గొట్టాలు. ఈ నాలుగూ చూడకుండా "పంపు మార్చాలి" అన్నారా? తాళం జేబులో వేసుకుని పక్క గరాజ్‌కు పదండి!