చీరకీ జుట్టుకీ కడుపుకీ... గంజి!

మీ ఇంట్లో గంజి వార్చి ఎన్నాళ్లయింది? చాలామందికి వెంటనే జవాబు తట్టదు. కుక్కర్ వచ్చాక అన్నం వండటమంటే కొలిచి నీళ్లు పోయడం, మూడు విజిల్స్ వినడం, దించడం... అంతే! కరెంటు కుక్కరయితే మీట నొక్కి స్నానానికి వెళ్లిపోవచ్చు కూడా. ఆఫీసు బస్సుకీ, పిల్లల స్కూలు ఆటోకీ పరుగెత్తే ఇళ్లలో ఇది తప్పదు. రోజూ నేను చేసేదీ అదే. అయితే ఎసట్లో బియ్యం పోసి, ఉడికాక సిబ్బి పెట్టి వార్చే పద్ధతి పోవడంతో పాటు ఇంట్లోంచి ఒక వస్తువు చడీచప్పుడూ లేకుండా వెళ్లిపోయింది. దాని వెనకే నూలు చీరలూ వెళ్లిపోతున్నాయని నాకు అనుమానం.

నేత చీరలు కట్టడం ఎందుకు మానేశావని ఎవరినైనా అడిగి చూడండి. "బాగుంటాయి గానీ మెయింటెనెన్స్ కష్టమండీ" అంటారు. ఒక్కసారి ఉతికితే పీలికలా వేలాడుతుంది, కుచ్చిళ్లు నిలబడవు, గంజి పెట్టించి పాలిష్ చేయించాలంటే చీర చీరకీ డబ్బు! దాంతో ముచ్చటపడి కొన్న మంగళగిరి, వెంకటగిరి చీరలు బీరువాలో పడుకుంటాయి. మనమేమో మే నెల ఎండలో సింథటిక్ చీర కట్టుకుని, చెమటకి ఒళ్లంతా పేలిపోయి, నడుం దగ్గర ఒరుసుకుపోయి, సాయంత్రానికి పౌడరు డబ్బా వెతుక్కుంటాం. మన ఎండలకి నూలును మించిన బట్ట లేదు. చెమటను పీల్చుకుంటుంది, గాలి ఆడనిస్తుంది. దాన్ని మనకి దూరం చేస్తున్నది నిజానికి ఒక గ్లాసుడు గంజి!

వారానికి ఒక్కరోజు, ఆదివారం అనుకోండి, కుక్కర్ పక్కనపెట్టి గిన్నెలో అన్నం వండండి. గ్లాసు బియ్యానికి ఐదారు గ్లాసుల నీళ్లు ఎసరు పెట్టి, మరిగాక కడిగిన బియ్యం పోయండి. మెతుకు నొక్కి చూస్తే మధ్యలో సన్నటి పలుకు తగలాలి. అప్పుడు సిబ్బి మూసి, మసిగుడ్డతో గట్టిగా పట్టుకుని గంజి వార్చేయండి. అన్నం గిన్నెను మళ్లీ సన్నటి సెగ మీద రెండు నిమిషాలు మూతపెట్టి ఉంచితే ఉమ్మగిల్లి పువ్వులా విచ్చుకుంటుంది. ఒక్క మాట. గంజి కోసమని కుక్కర్‌లో నీళ్లు ఎక్కువ పోయకండి. గంజి పొంగి వెయిట్ దగ్గర రంధ్రానికి అడ్డుపడితే ప్రమాదం.

ఇక చీర సంగతి. చిక్కటి గంజిని ముందు పల్చటి గుడ్డలో వడకట్టాలి. ఒక్క మెతుకు మిగిలినా చీర మీద పెచ్చులా అంటుకుంటుంది. అరబకెట్ నీళ్లలో గ్లాసు, గ్లాసున్నర గంజి కలిపితే ఒక చీరకి సరిపోతుంది. చిటికెడు ఉప్పు వేస్తే ఇస్త్రీపెట్టె అంటుకోకుండా జారుతుందని మా పెద్దవాళ్లు వేసేవారు, నేనూ వేస్తాను. చీరను శుభ్రంగా ఉతికి, సబ్బు పోయేదాకా జాడించి, తడిగా ఉండగానే గంజి నీళ్లలో ముంచాలి. పొడి చీరను ముంచితే ముందు తగిలినచోట ఎక్కువా, తర్వాత తగిలినచోట తక్కువా పీల్చుకుని అట్టలు కడుతుంది. రెండు మూడుసార్లు పైకీ కిందకీ తిప్పి, మెలిపెట్టకుండా పిండి, నీడపట్టున దండెం మీద విప్పి ఆరేయండి. అంచులు లాగి సరిచేసి మరీ ఆరేస్తే ఇస్త్రీ పని సగం తగ్గినట్టే.

పూర్తిగా ఎండనివ్వకండి. కాస్త చెమ్మ ఉండగానే ఇద్దరు చెరోవైపూ నిలబడి, కొసలు పట్టుకుని లాగి మడతపెట్టాలి. మా ఇంట్లో ఆ రెండో కొస పట్టుకోవాల్సింది మావారే! మొదట్లో "ఇదేం పని" అన్నారు. ఇప్పుడు అంచుకి అంచు కలిపి మడత వేయడంలో నాకంటే ఆయనే నయం. సాయంచేసే మనిషి లేకపోతే ఒక కొసను తలుపు గడియకి పిన్నుతో పెట్టుకోండి. బాగా ఎండిపోయిన చీరకయితే నీళ్లు చిలకరించి, చాపలా చుట్టి అరగంట ఉంచి ఇస్త్రీ చేయాలి.

ముదురు రంగు చీరల మీద అన్నం గంజి తెల్లటి మచ్చలు చూపిస్తుంది. నల్లటి, నీలం పోచంపల్లి చీరలకి సగ్గుబియ్యం గంజి మేలు. రెండు చెంచాల సగ్గుబియ్యం గంటసేపు నానబెట్టి, రెండు గ్లాసుల నీళ్లలో అద్దంలా తేలేదాకా ఉడికించి వడకట్టండి. పారదర్శకంగా ఉంటుంది కాబట్టి మచ్చ కనిపించదు. మైదాతో కాచేవాళ్లున్నారు గానీ ఆ పిండి వాసనా, ఆ తెలుపూ నాకు నచ్చవు. బజార్లో రివైవ్ లాంటి పొడులు దొరుకుతాయి. అర్జెంటు పనికి అవీ మంచివే. వెంకటగిరి నేత పలచన కాబట్టి గంజీ పలచగానే ఉండాలి, లేకపోతే చీర కాగితంలా చప్పుడు చేస్తుంది. మంగళగిరి నేత చిక్కన, కొద్ది గంజితోనే నిలబడుతుంది. గద్వాల చీరతో మాత్రం జాగ్రత్త! ఒళ్లు నూలయినా అంచూ పైటా పట్టువి. మొత్తం చీరను గంజి బకెట్‌లో ముంచేయకండి. పట్టుకి గంజి పడదు.

కొత్త నేత చీరకి ఒక రకమైన వాసన ఉంటుంది, గమనించారా? అది మగ్గం మీది గంజే. పడుగు దారం మగ్గం మీద తెగిపోకుండా నేతగాళ్లు దానికి గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెడతారు. నేతపల్లెల్లో తెల్లవారుజామునే వీధి పొడుగునా పడుగు చాచి, ఇంటిల్లిపాదీ పనిచేసే దృశ్యం చూసినవాళ్లకి తెలుస్తుంది, మనం పెట్టే గంజి ఆ పనికి చిన్న కొనసాగింపేనని. అందుకే కొత్త చీరను మొదటిసారి వేరే బట్టలతో కలపకుండా చల్లటి నీళ్లలో విడిగా నానబెట్టి ఉతకాలి. ఉప్పు నీళ్లలో పెడితే రంగు నిలుస్తుందంటారు. అద్దకంలో సరిగా పట్టని రంగును ఉప్పు నిలబెట్టలేదు. మొదటి రెండు ఉతుకుల్లో వదిలే అదనపు రంగును వదలనివ్వడమే మంచిది.

గంజి పెట్టిన చీరల్ని నెలల తరబడి బీరువాలో దాచకండి. బొద్దింకలకీ, పుస్తకాలు తినే వెండిరంగు పురుగులకీ గంజి విందుభోజనం. వానాకాలంలో బూజు పడుతుంది, మడతల దగ్గర చీర పగులుతుంది. దాచాల్సినవి గంజి లేకుండా ఉతికి దాచి, కట్టుకునే వారం పెట్టుకోండి. జాకెట్లకి గంజి వద్దు, చంకల దగ్గర ఒరుసుకుని బాధపెడుతుంది.

జుట్టు మాట

ఈమధ్య మా బంధువులమ్మాయి ఒకతె అందమైన సీసా చూపించింది. "రైస్ వాటర్, అత్తయ్యా! జుట్టు పట్టులా అవుతుంది" అంది. ధర చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చైనాలోని గ్వాంగ్జీ ప్రాంతంలో, హువాంగ్లువో అనే ఊళ్లో యావో తెగ ఆడవాళ్లు పొడుగాటి జుట్టుకి ప్రసిద్ధి. వాళ్లు బియ్యం కడిగిన నీళ్లను పులియబెట్టి తల కడుక్కుంటారట. ఆ కథే ఇప్పుడు సీసాల మీదికెక్కింది. మన పెరట్లో జరిగిన తలంట్లను ఎవరూ అంతగా ప్రచారం చేయలేదు మరి!

మన పద్ధతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పది పన్నెండు కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసేసి, వేడి వేడి గంజిలో వేసి ఓ గంట నాననివ్వాలి. చేత్తో బాగా పిసికి, నురుగు తేలాక వడకట్టాలి. ఉట్టి నీళ్లలో తీసిన రసం జుట్టును కాస్త బిరుసు చేస్తుంది, గంజిలో తీసింది మెత్తగా ఉంటుంది. నాలుగు మందారాకులు కూడా వేసి పిసికితే చిక్కు తేలిగ్గా వస్తుంది. కళ్లలో పడకుండా చూసుకోండి, భగ్గుమంటాయి. తర్వాత మంచినీళ్లతో బాగా కడగాలి. లేకపోతే ఆరాక గంజి పొట్టులా రాలుతుంది, చూసినవాళ్లు చుండ్రు అనుకుంటారు!

గంజితో జుట్టు పెరుగుతుందా అంటే, గట్టిగా చెప్పేంత రుజువు లేదు. మెత్తగా, నిగనిగలాడుతూ ఉంటుంది, అంతవరకే. ముఖానికి రాసుకుంటే తెల్లబడతామన్న ఆశ అసలే పెట్టుకోకండి. తెల్లబడాల్సిన అవసరం కూడా ఏముంది?

కడుపులోకి...

అన్నిటికంటే మనకి మొహమాటం గంజి తాగడం దగ్గరే. ఎందుకో నాకు తెలుసు. మా చిన్నప్పుడు పదకొండు గంటల వేళ మా వీధిలోకి ఒక ముసలమ్మ సత్తుగిన్నె పట్టుకుని వచ్చేది. "గంజి పోయండమ్మా" అని వాకిట్లో నిలబడేది. మా అమ్మ గంజిలో నాలుగు మెతుకులు కావాలనే జారవిడిచి, ఉప్పుగల్లు వేసి పోసేది. మూడు నాలుగిళ్ల గంజితో ఆమె పూట గడిచేది. వీధిలో ఒక్కొక్క ఇంట్లో కుక్కర్ కూత మొదలయ్యాక ఆమె గిన్నె నిండటం కష్టమైంది. కొన్నాళ్లు మా గుమ్మానికే వచ్చింది, తర్వాత రాలేదు. ఆమెకి ఏమైందో ఎవరూ కనుక్కోలేదు. 1950ల మొదట్లో రాయలసీమను కరవు పీడించినప్పుడు కూడా గంజి కేంద్రాలు పెట్టే జనం ప్రాణాలు నిలిపారు. "కలో గంజో తాగి బతికాం" అన్న మాట ఊరికే పుట్టలేదు. అందుకే ఇంటికొచ్చినవాళ్లకి గంజి ఇవ్వడమంటే మనకి నామోషీ.

నిజానికి వార్చి గంజి పారబోసే ఇళ్లలోనే నష్టం ఎక్కువ. మరపట్టిన తెల్లబియ్యంలో విటమిన్ బి1 ముందే తక్కువ. ఆ కాస్తా నీళ్లలో కరిగిపోయే రకం కాబట్టి కడుగులోనూ గంజిలోనూ పోతుంది. ఉత్తర సర్కారు జిల్లాలనబడే మన కోస్తా ప్రాంతంలో ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో బెరిబెరి జబ్బు స్థిరపడి ఉండేది. కాళ్లు తిమ్మిరెక్కి, వాచి, గుండె దెబ్బతినేది. ఆ లోపమున్న తల్లుల పాలు తాగే పసికందులు చనిపోయేవారు. మరపట్టిన పచ్చిబియ్యం తినడమే దీనికి ముఖ్యకారణం. 1918లో కూనూరులో బెరిబెరి మీద పరిశోధనకే మొదలైన చిన్న విభాగం పెరిగి పెద్దదై, హైదరాబాద్‌కి తరలివచ్చి, జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఇప్పుడు పప్పూ, ఆకుకూరా, పాలూ తింటున్నాం కాబట్టి అంత భయం లేదు. కానీ వార్చినరోజు ఆ గంజిని కడుపులోకి పంపితే పోయినదాంట్లో కొంత వెనక్కి వచ్చినట్టే కదా!

అలాగని గంజిని అమృతం చేయకండి. గంజి అంటే పిండిపదార్థం, నీళ్లు. షుగరున్నవాళ్లకి గ్లాసు గంజి తాగితే షుగర్ పెరుగుతుంది. వార్చిన అన్నమైతే ఎంత తిన్నా ఫరవాలేదనుకోవడమూ పొరపాటే. ఆరు నెలల లోపు పసివాళ్లకి తల్లిపాలు తప్ప గంజి చుక్క కూడా వద్దు. విరేచనాలవుతున్న పెద్ద పిల్లలకి ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలిపి ఇవ్వడం మొదటి పని. అది దొరికేలోపు పలచటి గంజిలో కొద్దిగా ఉప్పు వేసి చెంచాలతో పట్టించవచ్చు. ఆ ఉప్పదనం కన్నీళ్లకంటే మించకూడదు. బిడ్డ మగతగా ఉంటే, మూత్రం తగ్గితే వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

పూర్వం తరవాణి కుండలు ఉండేవి. రోజూ గంజి పోసి పులియబెట్టి, ఆ పుల్లటి తేటలో అన్నం నానేసి పొద్దున్నే తినేవారు. కుండను శుభ్రంగా చూసుకోవడం తెలిసినవాళ్ల విద్య అది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దాని జోలికి పోకుండా, వార్చిన గంజిని ఆరోజే వాడేసుకోండి. వేసవిలో బయట గంటలకొద్దీ ఉంచిన అన్నమూ గంజీ కడుపు పాడుచేస్తాయి.

నేను చేసే తీరు ఇది. గ్లాసు చల్లారిన గంజిలో అరగ్లాసు పుల్లటి మజ్జిగ, ఉప్పు, నలిపిన కరివేపాకు, చితక్కొట్టిన అల్లం ముక్క, సన్నగా తరిగిన పచ్చిమిర్చి కలుపుతాను. పావుగంట అలా ఉంచి వడకట్టకుండానే ఇస్తాను. ఎండలోంచి వచ్చినవాళ్లకి నంజుకోవడానికి రెండు చల్లమిరపకాయలు వేయించి పెడితే మా పిల్లలు కూడా కూల్‌డ్రింక్ అడగడం లేదు. జ్వరంపడి లేచినవాళ్లకయితే మజ్జిగ లేకుండా, గోరువెచ్చటి గంజిలో ఉప్పూ, మిరియాల పొడీ, వేయించిన జీలకర్ర పొడీ చాలు. మూడు గ్లాసుల గంజి వస్తే రెండు చీర బకెట్‌లోకి, ఒకటి మజ్జిగలోకి. తలంటుకునే వారమయితే చీరను పై ఆదివారానికి ఆపండి.