దొంగ నొప్పులు – కాన్పు నొప్పులు

తొలికాన్పు పుట్టింట జరగడం తెలుగునాట ఆనవాయితీ. నొప్పులు మొదలైనట్లు తోచిన రాత్రి కన్నతల్లి పక్కనే ఉండేది. వీధిలో నలుగురు బిడ్డలను కన్న పెద్దావిడ ఒకరు వచ్చి పొట్టమీద చెయ్యివేసి చూసి, "ఇవి దొంగ నొప్పులేనమ్మా, పడుకో" అనో, "ఇక బయలుదేరండి" అనో తేల్చి చెప్పేది. అమెరికాలో కాపురముంటున్న దంపతులకు ఆ సదుపాయం లేదు. విజిటర్ వీసా మీద తల్లి వచ్చి ఉంటే సరే, లేకపోతే టెలిఫోనే దిక్కు. న్యూజెర్సీలో వేసవి రాత్రి 2 గంటలైతే విజయవాడలో పగలు 11:30. అక్కడినుంచి అమ్మ ఎన్ని ప్రశ్నలు వేసినా పొట్టమీద చెయ్యి వెయ్యలేదు. ఆసుపత్రికి వెళితే వెనక్కి పంపుతారేమోనన్న బిడియం ఒక పక్క, ఆలస్యమైతే కారులోనే కాన్పవుతుందేమోనన్న భయం మరొక పక్క. ఈ రెంటి నడుమ భర్త గడియారం పట్టుకొని కూర్చుంటాడు.

ఈ విషయంలో గడియారం చెప్పేదెంత, చెప్పలేనిదెంత అన్నది ప్రతి గర్భిణీ, ఆమె ఇంటివారు ముందుగానే తెలుసుకొని ఉండవలసిన సంగతి.

గర్భాశయం చేసే పని

దొంగ నొప్పులకు వైద్యశాస్త్రంలో ఒక ఆంగ్లేయుని పేరు స్థిరపడింది. జాన్ బ్రాక్స్‌టన్ హిక్స్ (1823–1897) లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో ప్రసూతి వైద్యుడు. గర్భాశయం కాన్పునాడు మాత్రమే కాక, గర్భకాలం పొడవునా అప్పుడప్పుడు బిగుసుకొని తిరిగి వదులవుతూ ఉంటుందని ఆయన 1872లో ప్రకటించాడు. ఆయన దృష్టి అప్పుడు నొప్పులమీద కాదు. మూత్రపరీక్షలు, అల్ట్రాసౌండు లేని ఆ రోజుల్లో, పెరుగుతున్న పొట్టకు కారణం గర్భమా, కణితా అని తేల్చడానికి ఈ బిగుతు ఒక గుర్తుగా పనికివస్తుందని ఆయన సూచించాడు. ఆ సూచన మరుగున పడింది, పేరు మాత్రం మిగిలింది.

గర్భాశయపు గోడ ప్రధానంగా కండరం. గర్భకాలంలో చాలాభాగం ఆ కండరకణాల మధ్య పొత్తు అంతంత మాత్రమే. ఒకచోట పుట్టిన విద్యుత్ సంచలనం కొంతదూరం పాకి అక్కడే ఆరిపోతుంది. పొట్టలో ఒక భాగం గట్టిపడి, కొద్దిసేపటికి మెత్తబడుతుంది. ఇవే దొంగ నొప్పులు. కాన్పు దగ్గరపడేకొద్దీ కణానికీ కణానికీ మధ్య సందేశం దాటించే సన్నని మార్గాలు పెద్దసంఖ్యలో ఏర్పడతాయి. వీటిని గ్యాప్ జంక్షన్లు అంటారు. ఆక్సిటోసిన్ అనే హార్మోనును అందుకొనే గ్రాహకాలు కూడా పెరుగుతాయి. అప్పటినుంచి ఒకచోట మొదలైన సంకోచం గర్భాశయమంతటికీ వ్యాపిస్తుంది. విడివిడిగా కేకలు వేస్తున్న జనం ఒక్కుమ్మడిగా తాడు లాగడం మొదలుపెట్టినట్లన్నమాట.

ఆ బలమంతా గర్భాశయ ముఖద్వారంమీద పనిచేస్తుంది. తొమ్మిది నెలలు బిడ్డను లోపల నిలిపి ఉంచిన ఆ బిగువైన ద్వారం, ప్రోస్టాగ్లాండిన్ల వంటి రసాయనాల ప్రభావంవల్ల ముందు మెత్తబడుతుంది, తరువాత పలచబడుతుంది, చివరకు సుమారు 10 సెంటీమీటర్ల వెడల్పు తెరుచుకుంటుంది. అసలు నొప్పులకూ దొంగ నొప్పులకూ ఉన్న నిజమైన తేడా ఇదే: అసలు నొప్పులవల్ల ముఖద్వారం మారుతుంది, దొంగ నొప్పులవల్ల మారదు. నొప్పి తీవ్రతను బట్టి తేల్చడం సాధ్యం కాదు. దొంగ నొప్పులు నిద్ర పట్టనివ్వనంత బాధపెట్టవచ్చు. అసలు నొప్పులు మొదట్లో బహిష్టు నొప్పికన్న ఎక్కువగా ఉండకపోవచ్చు.

ఇంటివద్ద చూడదగినవి

ముఖద్వారాన్ని ఇంట్లో పరీక్షించడం వీలుకాదు గనుక, దాని మార్పును సూచించే పరోక్షమైన గుర్తులను చూడాలి. వాటిలో మొదటిది కాలం. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఒక నొప్పి తగ్గినప్పటినుంచి మరొకటి వచ్చేవరకు లెక్కిస్తారు. ఒక నొప్పి మొదలైన క్షణంనుంచి తరువాతి నొప్పి మొదలైన క్షణంవరకు లెక్కించడం సరైన పద్ధతి. రాత్రి 10:00, 10:07, 10:25, 10:31, 11:00 – ఇలా వచ్చినవి బహుశా దొంగ నొప్పులు. 2:00, 2:09, 2:17, 2:24, 2:30, 2:35 – ఈ వరుసలో ఎడం తగ్గుతూ వస్తోంది. వాటితోపాటు ఒక్కొక్క నొప్పి నిడివి, బలం కూడా పెరుగుతున్నట్లయితే కాన్పు సమీపించినట్లు భావించవచ్చు.

బలం తెలుసుకోవడానికి నర్సులు వాడే ఒక సులువైన పోలిక ఉంది. నొప్పి వచ్చినప్పుడు వేళ్ల కొసలతో పొట్ట పైభాగాన్ని మెల్లగా నొక్కి చూస్తారు. ముక్కు కొనలా అణగితే సంకోచం స్వల్పం, గడ్డంలా ఉంటే మధ్యరకం, నుదురులా అణగకుండా ఉంటే బలమైనది. ఆ ఇరుగింటి పెద్దావిడ చేతికి తెలిసినది కూడా ఇదే కాబోలు.

రెండవ గుర్తు, విశ్రాంతికి నొప్పి ఇచ్చే జవాబు. పగలంతా నిలబడి పనిచేసినా, మంచినీళ్లు తక్కువ తాగినా, మూత్రాశయం నిండి ఉన్నా దొంగ నొప్పులు ఎక్కువవుతాయి. మూత్రవిసర్జన చేసి, రెండు గ్లాసుల నీళ్లు తాగి, ఎడమపక్కకు తిరిగి పడుకుంటేనో, గోరువెచ్చని నీళ్లతో స్నానం చేస్తేనో అవి సాధారణంగా సద్దుమణుగుతాయి. పడుకున్నప్పుడు వచ్చినవి నాలుగడుగులు నడిస్తే పోవచ్చు కూడా. అసలు నొప్పులు వీటిని లెక్కచేయవు. జీలకర్ర కషాయం తాగిస్తే దొంగ నొప్పులైతే తగ్గుతాయని ఇళ్లలో పెద్దలు చెబుతుంటారు. వేడినీళ్లు, కొంతసేపు కుదురుగా కూర్చోవడం – రెండూ అందులో ఉన్నాయి గనుక ఆ మాటను కొట్టిపారేయనక్కరలేదు. నొప్పులు రప్పించడానికి ఆముదం పట్టించే అలవాటు మాత్రం మంచిది కాదు. విరేచనాలై ఒంట్లో నీరు తగ్గిపోతుంది, పేగుల మెలిపెట్టు గర్భాశయపు నొప్పితో కలిసి గందరగోళం ఎక్కువవుతుంది.

నొప్పి ఉండే చోటును బట్టి కూడా కొంత చెప్పవచ్చు. దొంగ నొప్పులు తరచు పొట్ట ముందుభాగానికే పరిమితమవుతాయి. కాన్పు నొప్పులు నడుమునుంచి బయలుదేరి ముందుకు చుట్టుకొని రావడం ఎక్కువ. అయితే దీనికి మినహాయింపులు చాలా ఉన్నాయి.

నెలలు నిండిన తొలిచూలు స్త్రీకి అమెరికన్ వైద్యులు సాధారణంగా చెప్పే లెక్క 5–1–1. అంటే 5 నిమిషాలకొకసారి, ఒక్కొక్కటి 1 నిమిషంపాటు, ఈ తీరున 1 గంటసేపు నొప్పులు వస్తే బయలుదేరాలి. రెండవ కాన్పు తరచు త్వరగా జరుగుతుంది. ఆసుపత్రి దూరమైనా, మంచు కురుస్తున్నా, లోగడ కాన్పు వేగంగా జరిగి ఉన్నా ఇంతసేపు ఆగకూడదు. లోగడ సిజేరియన్ అయినవారు నొప్పులు మొదలవగానే ఫోను చేయాలి. మలవిసర్జనకు వెళ్లవలసినట్లు ఆపుకోలేని ఒత్తిడి వస్తుంటే కారు తీయడం కాదు, 911కు ఫోను చేయడం తగిన పని.

గడియారం పనికిరాని సందర్భాలు

ఈ లెక్కలన్నీ 37 వారాలు నిండినవారికే. అంతకు ముందు వచ్చే క్రమమైన నొప్పులను "దొంగ నొప్పులే" అని సరిపెట్టుకోవడం ప్రమాదకరం. ఇక్కడ మన నెలల లెక్క కొంత చిక్కు తెచ్చిపెడుతుంది. అమెరికన్ వైద్యులు చివరి బహిష్టు మొదటిరోజునుంచి 40 వారాలు, అంటే 280 రోజులు లెక్కిస్తారు. ఇంట్లో పెద్దలు "తొమ్మిదోనెల వచ్చేసింది" అన్నప్పుడు వారాల ప్రకారం 35 కావచ్చు, 36 కావచ్చు. ఫోనులో నర్సుకు నెలలు కాక వారాలే చెప్పాలి.

నెలలు నిండకముందు పది నిమిషాలకొకసారి గాని, అంతకన్న దగ్గరగా గాని పొట్ట బిగుస్తున్నా, నడుములో మందకొడి నొప్పి విడవకున్నా, పొత్తికడుపు కిందికి లాగుతున్నట్లున్నా, నొప్పి లేకపోయినప్పటికీ ఆ గంటలోనే వైద్యులను పిలవాలి. ఇందుకు బలమైన కారణముంది. న్యూజిలాండ్‌కు చెందిన లిగ్గిన్స్, హౌవీ అనే వైద్యులు, తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే నెలలు తక్కువ బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పరిపక్వమవుతాయని 1972లో చూపారు. హిక్స్ పత్రానికి సరిగ్గా నూరేళ్ల తరువాత! ఆ మందు పూర్తిగా పనిచేయడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఇంటివద్ద నొప్పులు తగ్గుతాయేమోనని ఎదురుచూసిన ప్రతి గంటా ఆ వ్యవధిలోనుంచే పోతుంది. ఏడోనెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదోనెల బిడ్డ బతకదు అనే పాత నమ్మకం పట్టుకొని ఎవరూ నిరాశపడనక్కరలేదు. గర్భంలో గడిపిన ప్రతి వారమూ బిడ్డకు బలాన్నిస్తుంది.

ఉమ్మనీరు పోతే నొప్పులున్నా లేకున్నా ఫోను చేయాలి. ఒక్కసారిగా ధారగా రావచ్చు, లేదా మూత్రం జారుతున్నట్లు కొద్దికొద్దిగా రావచ్చు. ఆకుపచ్చగానో గోధుమరంగులోనో ఉంటే ఆ మాట తప్పక చెప్పాలి. 36, 37 వారాల్లో చేసే గ్రూప్ బి స్ట్రెప్ పరీక్షలో ఆ సూక్ష్మక్రిములు ఉన్నాయని తేలినవారికి కాన్పుకు కనీసం 4 గంటల ముందు యాంటీబయాటిక్ మొదలుపెట్టడం మేలు గనుక వారు మరింత త్వరపడాలి. జిగురుతో కలిసి కొద్దిగా నెత్తురు జీర కనిపించడం మామూలే. అది కాన్పుకు కొన్ని గంటల ముందు గాని, కొన్ని రోజుల ముందు గాని కనిపించవచ్చు. బహిష్టువలె రక్తస్రావమైనా, పొట్ట వదులు కాకుండా రాయిలా బిగిసి ఉన్నా క్షణం ఆగరాదు.

కాన్పుకు ముందు బిడ్డ కదలడం మానేస్తుందనే మాట వినిపిస్తుంటుంది. అది నిజం కాదు. నొప్పుల మధ్యకూడా ఆరోగ్యవంతమైన బిడ్డ కదులుతూనే ఉంటుంది. ఎడమపక్కకు పడుకొని దృష్టిపెట్టి లెక్కిస్తే 2 గంటల్లో 10 కదలికలైనా తెలియాలి. కదలికలు తగ్గాయనిపిస్తే మర్నాటి అపాయింటుమెంటు వరకు ఆగకూడదు.

వెనక్కి పంపితే

ఆసుపత్రిలో ముఖద్వారాన్ని పరీక్షించి, బిడ్డ గుండెచప్పుడు, సంకోచాలు నమోదు చేసే యంత్రం అమర్చి, తరచు ఒకటి రెండు గంటలు నడవమని చెప్పి మళ్లీ పరీక్షిస్తారు. రెండు పరీక్షల నడుమ మార్పు లేకపోతే ఇంటికి వెళ్లమంటారు. 4 సెంటీమీటర్లు తెరుచుకుంటే వేగవంతమైన ప్రసవదశగా లెక్కించడం పూర్వపు పద్ధతి. 2014లో అమెరికన్ ప్రసూతి వైద్యుల సంస్థలు దాన్ని 6 సెంటీమీటర్లకు మార్చాయి. అందువల్ల 3 సెంటీమీటర్లున్న స్త్రీని ఇంటికి పంపడం నిర్లక్ష్యం కాదు, ఆమె పొరపడినట్లూ కాదు.

దొంగ నొప్పులా, కాదా అని తేల్చే భారాన్ని అమెరికన్ చట్టం గర్భిణిమీద పెట్టలేదన్నది గమనార్హం. 1986లో చేసిన అత్యవసర వైద్యచట్టాన్ని అనుసరించిన నిబంధనల ప్రకారం, సంకోచాలు వస్తున్న స్త్రీని, తగినంతసేపు పరిశీలించి ఇవి దొంగ నొప్పులేనని వైద్యుడు గాని, అర్హతగల మంత్రసాని నర్సు గాని, ఆ పనికి అర్హులైన ఇతర వైద్య సిబ్బంది గాని ధ్రువీకరించేవరకు, నిజమైన ప్రసవంలో ఉన్నట్లే పరిగణించాలి. మెడికేర్ ఒప్పందంగల ఆసుపత్రుల అత్యవసర విభాగాలు ఇన్సూరెన్సు ఉన్నా లేకున్నా ఆమెను పరీక్షించి తీరాలి. ఫెడరల్ ధనసహాయం పొందే ఆసుపత్రులలో భాష అడ్డమైతే దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయమని అడిగే హక్కు కూడా ఉంది. టెలిఫోను ద్వారా తెలుగు దుబాసీ దొరకవచ్చు. పదేళ్లుగా ఆఫీసులో ధారాళంగా మాట్లాడుతున్న ఇంగ్లీషు నొప్పులవేళ నోటికి రాకపోవచ్చు గనుక ఈ సంగతి భర్తకూ తెలిసి ఉండాలి.

ఇంటికి వచ్చిన రాత్రే నొప్పులు తిరిగి మొదలుకావచ్చు. అప్పుడు మళ్లీ ఫోను చేయవచ్చు, మళ్లీ వెళ్లవచ్చు. ఎన్నివారాలు, ఎన్నవ కాన్పు, నొప్పులు ఎన్ని నిమిషాలకొకసారి, ఉమ్మనీరు పోయిందా, నెత్తురు కనిపించిందా, బిడ్డ కదులుతోందా – ఈ ఆరూ కాగితంమీద రాసుకొని, ఆసుపత్రి నంబరుతోపాటు టెలిఫోను పక్కన పెట్టుకుంటే, ఆ వేళకు నిద్ర లేచినవారు ఎవరైనా చదివి చెప్పగలుగుతారు.