ఎగుడుదిగుడు కాంక్రీటు గచ్చుపై చెక్క నేల

ఉద్దేశాలు
ఈ భాగం చదివిన తరవాత మీరు:
- మట్టానికి, చదునుకు గల భేదాన్ని వివరించగలుగుతారు.
- గచ్చులోని తేమను, ఎగుడుదిగుళ్లను పరీక్షించగలుగుతారు.
- చదును చేయడానికి కావలసిన మిశ్రమాన్ని, గోడల పక్కన వదలవలసిన సందును లెక్కకట్టగలుగుతారు.

1. పరిచయం
చెక్క నేల ఉబ్బినా, అడుగు వేసినప్పుడు కిర్రుమన్నా ముందుగా వడ్రంగినో, చెక్కనో నిందిస్తాం. చాలా సందర్భాల్లో కారణం చెక్క కింద ఉన్న కాంక్రీటులోనే ఉంటుంది. చెక్క పరిచాక ఆ లోపాన్ని సరిచేయాలంటే వేసిన నేలంతా ఊడదీయాలి. అందువల్ల పరీక్షలన్నీ ముందే పూర్తిచేయాలి. మన వాడుకలో శ్లాబు అంటే పైకప్పు. ఈ భాగంలో మాత్రం కింది అంతస్తులో నేలమీద పోసిన కాంక్రీటు గచ్చును గురించి చర్చిస్తాం.

2. తేమ పరీక్ష
కాంక్రీటుకు 28 రోజులు చాలని మీరు వినే ఉంటారు. ఆ గడువు బలానికి సంబంధించినది, ఆరడానికి సంబంధించినది కాదు. 10 సెం.మీ. మందం గల గచ్చు ఆరడానికి అనుకూల వాతావరణంలో కూడా సుమారు 4 నెలలు పట్టవచ్చు. గచ్చు కింద పాలిథిన్ పొర లేకపోతే మట్టిలోని తేమ ఎన్నేళ్లయినా పైకి వస్తూనే ఉంటుంది.

45 సెం.మీ. చదరపు పాలిథిన్ ముక్కను గచ్చుపై పరచి, నాలుగు అంచులకూ టేపు అంటించి ఒక రోజు ఉంచండి. అడుగున నీటిబిందువులు కనిపించినా, కాంక్రీటు రంగు ముదిరినా తేమ ఉన్నట్లే. ఏమీ కనిపించకపోయినా లోపల తేమ లేదని చెప్పలేం. గచ్చు మందంలో 40 శాతం లోతు వరకు రంధ్రం చేసి, తేమమాపకంతో కొలిస్తే లోపలి స్థితి తెలుస్తుంది.

3. చదును పరీక్ష
మట్టం వేరు, చదును వేరు. గది మొత్తం ఒకవైపు కాస్త వాలి ఉన్నా ఉపరితలం చదునుగా ఉంటే చెక్క నిలుస్తుంది. మట్టంగా ఉన్నా మధ్యలో గుంటలుంటే నిలవదు. గుంటపైన పలకకు ఆధారం ఉండదు. అడుగు పడ్డప్పుడల్లా అది కుంగి లేస్తుంది, అతుకులు వదులవుతాయి.

3 మీటర్ల తిన్నని అల్యూమినియం పట్టీని గచ్చుపై అన్ని దిశల్లో జరుపుతూ, దాని కింద సందును స్కేలుతో కొలవండి. సందు 5 మి.మీ. మించిన చోట సుద్దతో గుర్తుపెట్టండి. గుంటలకు, మిట్టలకు వేరువేరు గుర్తులు వాడండి.

4. సరిచేసే విధానం
మిట్టలను గ్రైండింగ్ యంత్రంతో అరగదీయాలి. అప్పుడు లేచే సిలికా ధూళి ఊపిరితిత్తులకు శాశ్వత హాని చేస్తుంది. ముక్కుకు కట్టుకునే చేతిరుమాలు దీన్ని ఆపలేదు. ధూళిని పీల్చే యంత్రం, తగిన మాస్కు లేకుండా కూలీతో ఈ పని చేయించరాదు.

గుంటలను తనంతట తానే చదునయ్యే సిమెంటు మిశ్రమంతో నింపాలి. ముందు గచ్చును శుభ్రంచేసి ప్రైమర్ పూయాలి. సంచిపై సూచించిన నీటికంటే ఎక్కువ కలిపితే మిశ్రమం తేలిగ్గా పారుతుంది కాని బలహీనపడుతుంది.

ఉదాహరణ 1: గది 3 మీ. × 4 మీ. సగటున 6 మి.మీ. నింపాలి. చదరపు మీటరుకు, మి.మీ. మందానికి 1.7 కిలోలు అనుకుంటే, 12 × 6 × 1.7 = 122.4 కిలోలు. అంటే 25 కిలోల సంచులు 5 కావాలి.

5. చెక్క పరచడం
మిశ్రమం పూర్తిగా ఆరాక 0.15 మి.మీ. పాలిథిన్‌ను, అతుకుల దగ్గర 20 సెం.మీ. ఒకదానిపై ఒకటి వచ్చేలా పరచి టేపు వేయాలి. దానిపై రెండు పొరల ప్లైవుడ్‌ను ఒకదానికొకటి అడ్డంగా ఉంచి, ఆ రెంటినీ కలిపి బిగించాలి. స్క్రూలు రెండు పొరల మందంకంటే పొట్టిగా ఉంటే పాలిథిన్‌కు చిల్లుపడదు. చెక్క పలకలను ఈ ప్లైవుడ్‌కు బిగిస్తారు. చెదల మందు అవసరమైతే కప్పడానికి ముందే వేయించాలి.

చెక్క పొడవునా దాదాపు మారదు, వెడల్పులో ఉబ్బుతుంది. గాలిలో తేమ 50 శాతం ఉంటే చెక్కలో తేమ సుమారు 9 శాతం, గాలిలో 65 శాతం ఉంటే చెక్కలో సుమారు 12 శాతం ఉంటుంది.

ఉదాహరణ 2: టేకు పలక తేమ 1 శాతం పెరిగితే వెడల్పు సుమారు 0.00186 వంతు పెరుగుతుందనుకోండి. 3 మీ. వెడల్పు నేలకు 3 శాతం పెరుగుదలతో 3000 × 3 × 0.00186 = సుమారు 17 మి.మీ. కాబట్టి రెండువైపులా గోడ దగ్గర 10 మి.మీ. చొప్పున సందు వదలాలి. గోడ అడుగు పట్టీ ఆ సందును కప్పుతుంది. విశాఖపట్నం వంటి తీరప్రాంతంలో వానాకాలపు తేమ ఇంతకంటే ఎక్కువ కనుక సందును అక్కడి కొలతలతో లెక్కించాలి.

6. సారాంశం
ముందు తేమ, తరవాత చదును, చివర చెక్క. ఈ క్రమం తప్పితే ఖరీదైన టేకు కూడా నేలను కాపాడలేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. 28 రోజులు గడిచిన గచ్చుపై వెంటనే చెక్క ఎందుకు పరచకూడదు?
2. 4 మీ. × 5 మీ. గదిలో సగటున 4 మి.మీ. నింపడానికి ఎన్ని సంచులు కావాలి?