హాలోవీన్ తీపి వాసన, కోలారు ఎర్రమట్టి దవనం

అక్టోబరు 31 హాలోవీన్. ఆ రోజుల కోసం వచ్చే సెంట్ల మీద గుమ్మడికాయ బొమ్మ ఉంటుంది కానీ, ముక్కుకు తగిలేది గుమ్మడి కాదు. అమెరికావాళ్లు గుమ్మడి ‘పై’లో వేసే దాల్చినచెక్క, లవంగం, జాజికాయల ఘుమఘుమ అది.

పీచుమిఠాయి వాసన కావాలంటే ఎథైల్ మాల్టాల్ కలుపుతారు. 1992లో ఫ్రాన్సులో వచ్చిన ‘ఏంజెల్’ సెంటు దీన్ని ధారాళంగా వాడింది. తినాలనిపించే సెంట్ల ఫ్యాషన్ ఆ తరువాతే ఊపందుకుంది. స్పెయిన్ డిజైనర్ హెసూస్ దెల్ పోసో 1997లో ఏకంగా ‘హాలోవీన్’ పేరుతోనే సెంటు తెచ్చారు.

సరిగ్గా ఆ పండగ రోజుల్లోనే మన వైపు దవనం నారు పోసే పని మొదలవుతుంది. ఎండుద్రాక్ష, పండిన ఆప్రికాట్, కొంచెం రమ్ము కలిపినట్టుండే తియ్యని వాసన దవనం నూనెది. సెంట్లలోనే కాదు, కేకుల్లో, పానీయాల్లో కూడా వాడతారు. కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఎర్రనేలలు దీనికి బాగా నప్పుతాయి. కోలారు జిల్లా ఆ మూడూ కలిసే చోటే ఉంది.

దవనం విత్తనం మహా చిన్నది, పైగా పాతబడితే మొలవదు. అందుకే కిందటి పంట విత్తనాన్నే తీసుకుని, నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలక కనబడగానే ఇసుకలో కలిపి మడి మీద చల్లుతారు. తరువాత నారు తీసి నాటుతారు. చలికాలపు మంచు దీనికి మేలు, పెద్ద వాన చేటు. మొత్తం నాలుగు నెలల పంట. టన్ను పచ్చిమొక్కను ఆవిరి పట్టి నూనె తీస్తే ఒకటి రెండు కిలోలకు మించి రావడం కష్టం. అంత శ్రమ చుక్క చుక్కలో ఉందని సెంటు కొనేవాళ్లకు తెలియాలి. ఒకే దవనం నూనె మనిషి మనిషికీ ఒంటి మీద వేరుగా పరిమళిస్తుందని సెంట్ల తయారీదారులు చెబుతారు.

వినాయకచవితి పత్రిలో వాడే మాచిపత్రి దవనానికి దగ్గర చుట్టం. ఆ మాచిపత్రినే యూరప్ పల్లెల్లో సెయింట్ జాన్ పండగప్పుడు దెయ్యాలు దరిచేరకుండా నడుముకు కట్టుకునేవారు. మలేరియా మందు ఆర్టెమిసినిన్‌ ఇచ్చిన మొక్కా ఈ కుటుంబానిదే. ఆ మందును కనిపెట్టిన తూ యూయూకు 2015లో నోబెల్ వచ్చింది.

అదే కోలారు జిల్లాలోని కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) గనుల్లో బంగారాన్ని రాతిపొడి నుంచి సైనైడ్‌తో రాబట్టేవారు. గనులు 2001లో మూతపడ్డా సైనైడ్ దిబ్బలు ఊరిని ఆనుకుని ఇంకా నిలబడే ఉన్నాయి. వాసనల మాటకొస్తే, హైడ్రోజన్ సైనైడ్‌కు చేదు బాదం వాసన ఉంటుంది. పుట్టుకతోనే కొందరికి అది తెలియదు. సెంట్లలో బాదం వాసననిచ్చేది మాత్రం బెంజాల్డిహైడ్ అనే వేరే పదార్థం, దాంతో ఆ భయం లేదు.

మళ్లీ దవనం దగ్గరికొస్తే, కనకాంబరానికి రంగే తప్ప వాసన లేదు. అందుకే దండలో మధ్యమధ్య దవనం రెమ్మ కట్టి పరిమళం తెస్తారు. ఫిబ్రవరి, మార్చిలో కోతకు రావడం వల్ల చైత్రమాసంలో గుళ్లలో దేవుడికి దవనం సమర్పించే దమనారోపణకు అది తాజాగా అందుతుంది. పూలబజారులో కొనేటప్పుడు చిన్న పసుపుపచ్చ పూలు విచ్చుతున్న కట్ట చూసి తీసుకోండి. నూనె నిండుగా ఉండేది అప్పుడే.